పంచాయతీ పద్దుల్లో చెరువునూ చెట్టునూ లెక్కకు తేవడం

బడ్జెట్‌లో ‘పర్యావరణం’ అని ఒక పద్దు తెరిచి, మొక్కలకు కొంత డబ్బు రాసేస్తే సరిపోదు. మిగతా ఖర్చులు గెడ్డనూ (వాగునూ) చెరువునూ ఏం చేస్తున్నాయో అందులో కనిపించదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక పంచాయతీ అనుకుని చూద్దాం.

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోని ప్రతి పని పక్కనా ఒక గుర్తు పెట్టండి. చెరువు పూడికతీతకు ఆకుపచ్చ, గెడ్డను కప్పేసి వేసే సిమెంటు రోడ్డుకు ఎరుపు, జీతాలకు ఖాళీ. ఎరుపు పెట్టడానికి అందరికీ మొహమాటమే. ఫ్రాన్స్ 2021 బడ్జెట్‌కు ఇలా గుర్తులు వేసినప్పుడు హాని చేసే ఖర్చులనూ చూపించింది. ఒక్క ఎరుపూ లేదంటే మళ్లీ కూర్చోవాల్సిందే.

5 లక్షల రోడ్డు పనిలో ఇంకుడు గుంతలకు 60 వేలు పోతే ఆ 60 వేలే ఆకుపచ్చ. 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కేటాయించినవే కాబట్టి అదంతా ఆకుపచ్చేనని రాసేస్తూ వచ్చారు. కొత్త బోరు తాగునీటి ఖర్చే, భూగర్భజలానికి మాత్రం కోత.

అసలు కిటుకు రూపాయల పక్కన రెండో గడి. వీధి దీపాల బిల్లు దగ్గర యూనిట్లు రాయండి. 40 వాట్ల ట్యూబులు 100, రాత్రికి 12 గంటలు వెలిగితే 48 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీలైతే 24. ఛార్జీలు పెరిగితే బిల్లు తగ్గినట్టే కనిపించదు, ఆదా యూనిట్లలోనే తేలుతుంది.

మొక్కలకు స్టాకు రిజిస్టరు పద్ధతి: ప్రారంభ నిల్వ, నాటినవి, పోయినవి, ముగింపు నిల్వ. లెక్క వేసవి దాటాక పెట్టాలి; నాటిన నెలలో అన్నీ బతికే ఉంటాయి మరి! 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. రోడ్డు పక్క చెట్లకు అలాంటి నష్టం జరిగితే కారణంతో సహా ‘పోయినవి’ గడిలో పడాలి. లేదంటే తిరిగి నాటినవన్నీ కొత్త లాభంలా కనిపిస్తాయి.

చెరువు మదుము (తూము) దగ్గర స్తంభానికి అడుగులు, అంగుళాలు గీసి, ఏటా నవంబరు చివర, ఏప్రిల్ చివర ఒకే తేదీల్లో మట్టం రాయండి. పూడిక ఉపాధి హామీలో తీస్తే ఆ కూలి పంచాయతీ ఖర్చులో కలపకూడదు, మండలం లెక్కలో రెండుసార్లు పడుతుంది. ఇంకుడు గుంతల్లో మట్టి తీసే ఖర్చు ఏటా వానలకు ముందే ఉండాలి.

వీటిని ఒక పేజీగా వార్షిక లెక్కలకు జతచేసి గ్రామసభలో చదవండి. ముందు చెరువు మట్టంతోనే మొదలుపెట్టండి. అంకె తప్పైతే ఆయకట్టు రైతులు అక్కడికక్కడే పట్టేస్తారు, ఆడిట్ దాకా ఆగరు.