పికప్ ట్రక్ ముందు కాయిలోవర్ల ప్రీలోడ్‌ను ఇంట్లోనే సరిచేయడం ఎలా?

కాయిలోవర్ అంటే చుట్టూ స్ప్రింగ్ తొడిగిన షాక్. ఆ స్ప్రింగ్ ఒక కొసను పట్టి ఉంచే మరల రింగు కాలర్. చక్రం వేలాడుతున్నప్పుడు కూడా కాలర్ స్ప్రింగ్‌ని ఎంత నొక్కి ఉంచుతుందో అదే ప్రీలోడ్. కాలర్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందనే నమ్మకాన్ని ముందు వదిలేయండి. ఈ పనిలో జరిగే తప్పుల్లో చాలావరకు అక్కడే పుడతాయి. ముందు భాగం వంగిందనో, గుంతల్లో అడుగు తగులుతోందనో కాలర్‌ని ఇంకాస్త బిగిస్తారు. బండి మొరటుగా కుదుపుతుంది. స్ప్రింగ్ గట్టిపడిందని అనుకుంటారు. స్ప్రింగ్ ఏమీ మారలేదు. మారింది బండి ఎత్తు. దాంతోపాటు, చక్రం కిందికి జారడానికి ఉండే చోటు తగ్గింది. ఆ చోటునే డ్రూప్ అంటారు. ఈ పని మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒక లెక్క వేద్దాం. మిల్లీమీటరు నొక్కడానికి 10 కిలోల బరువు కావలసిన స్ప్రింగ్ తీసుకోండి. ఒక ముందు చక్రం మీద 480 కిలోలు పడుతున్నాయి. కాయిలోవర్ చక్రం దగ్గర కాకుండా, చక్రాన్ని ఛాసీకి కలిపే కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి స్ప్రింగ్ మీదికి వచ్చేసరికి అది దాదాపు 800 కిలోలవుతుంది. అంటే బండి నేల మీద నిలబడినప్పుడు స్ప్రింగ్ 80 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉంటుంది. ప్రీలోడ్ ఎంత పెట్టినా ఈ 80 మారదు. ప్రీలోడ్ 30 ఉంటే షాక్ రాడ్ 50 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. దాన్ని 40 చేస్తే 40 మాత్రమే పోతుంది. ఆ 10 మిల్లీమీటర్ల తేడా బండిని పైకి లేపింది, చక్రం దగ్గర కొలిస్తే 16, 17 వస్తుంది. డ్రూప్‌లో పోయింది కూడా అంతే. ఇలాగే బిగిస్తూ 80కి చేరితే డ్రూప్ సున్నా. ఇక ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడూ షాక్ పూర్తిగా సాగిపోయి లోపల టక్కుమని కొట్టుకుంటుంది. చాలామంది గట్టిదనం అనుకునేది ఈ దెబ్బనే.

నిజంగా గట్టి స్ప్రింగ్ కావాలంటే స్ప్రింగే మార్చాలి. బండి పక్కలకు ఊగుతోందని, బ్రేకు వేస్తే ముక్కు వంగుతోందని కాలర్ తిప్పడం వృథా. ముందు కొత్త బంపరు, వించ్ కలిపి ఓ 60 కిలోలు చేరాయా? ఒక్కో స్ప్రింగ్ 5 మిల్లీమీటర్లు, బరువు ఇరుసుకు ముందుకు పొడుచుకుని ఉంటే ఇంకొంచెం, కిందికి దిగుతుంది. దాన్ని కాలర్‌తో సరిచేయవచ్చు. అంతకు రెట్టింపు బరువు ఎక్కించి, కాలర్‌తోనే నెట్టుకురావాలని చూడకండి.

ఏ బండికి, ఏ సామానుతో

ఇది షాక్ ఒంటి మీద మరలు కోసి, వాటి మీద తిరిగే కాలర్ ఉన్న కాయిలోవర్లకే. ఇలాంటి పికప్‌లలో ఎక్కువ వాటికి వెనక లీఫ్ స్ప్రింగులు ఉంటాయి కాబట్టి పని ముందు రెండు చక్రాల దగ్గరే. కంపెనీ నుంచి మరలు లేని స్ట్రట్ వచ్చి ఉంటే తిప్పడానికి ఏమీ లేదు.

కావలసినవి: జాకీ, బండి బరువుకు తగ్గ జాక్ స్టాండ్లు రెండు, వెనక చక్రాలకు అడ్డుదిమ్మెలు, కాలర్ గాళ్లకు సరిపోయే హుక్ స్పానర్, అలెన్ కీలు, టార్క్ రెంచ్, స్టీలు స్కేలు, టేపు, నైలాన్ బ్రష్, సిలికాన్ స్ప్రే, పెయింట్ మార్కర్. హుక్ స్పానర్ కాయిలోవర్ కంపెనీదే కొనండి. ఏదైనా ఒకటేలే అని సరిపోనిది తెస్తే గాడి అంచులు విరుగుతాయి.

ముందు కొలతలు

టైర్లలో గాలి సరిచూసి, సమమైన నేల మీద బండిని నిలపండి. ట్యాంకులో, వెనక తొట్టెలో రోజూ ఉండే బరువే ఉండాలి. హబ్ మధ్య నుంచి నిటారుగా పైకి మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. నేల నుంచి మడ్‌గార్డు దాకా కొలిచే అలవాటు చాలామందికి ఉంది. అది తప్పు. టైరు అరుగుదల, గాలి, నేల వాలు అన్నీ ఆ కొలతలోకి దూరుతాయి. నాలుగు చక్రాల దగ్గరా రాసుకోండి, వెనకవి కూడా.

బండి ఒక పక్కకు వాలి ఉంటే ఆ దోషం ముందుదో వెనకదో కాలర్ ముట్టుకోకముందే తేలాలి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డం పెట్టి, వెనక ఇరుసు మధ్యలో, డిఫరెన్షియల్ కింద జాకీ పెట్టి వెనక చక్రాలు నేల విడిచేదాకా ఎత్తండి. బండి కిందికి దూరకండి. ఇప్పుడు వెనక భాగం ఒకే బిందువు మీద ఆనింది కాబట్టి బండిని పక్కకు వంచే బలం దానికి ఉండదు. ముందు కొలతలు రెండు పక్కలా సమానమైతే దోషం వెనక లీఫ్ స్ప్రింగులది. ముందు కాలర్‌తో దాన్ని కప్పిపుచ్చితే బండి బరువు మూలమూలకూ తేడాగా పడుతుంది. బ్రేకు వేసినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

ఎత్తడం

వెనక చక్రాలకు అడ్డుదిమ్మెలు, హ్యాండ్ బ్రేకు, గేరు. వీల్ నట్లు నేల మీదే కాస్త వదులు చేసి, ముందు భాగాన్ని ఎత్తి, ఛాసీ కింద రెండు వైపులా స్టాండ్లు పెట్టండి. స్టాండు కింది ఆర్మ్ కింద పెట్టకూడదు. పెడితే బండి బరువంతా స్ప్రింగ్ మీదే ఉంటుంది. రెండు చక్రాలూ తీసేయండి. స్వే బార్ అంటే బండి పక్కలకు ఊగకుండా రెండు పక్కల ఆర్మ్‌లను కలిపే కడ్డీ. దాని లింకులు రెండు పక్కలా విప్పండి. లేకపోతే బార్ ఒక పక్క ఆర్మ్‌ని రెండో పక్కతో కట్టేసి ఉంచుతుంది.

ఒక్క హెచ్చరిక. కాయిలోవర్ పైన, రాడ్ మధ్యలో ఒక నట్టు ఉండే రకాలున్నాయి. దాన్ని ఏ కారణంతోనూ ముట్టుకోకండి. స్ప్రింగ్ మొత్తాన్ని పట్టి ఉంచేది అదే. ఊడితే మనిషి ప్రాణం పోతుంది.

కాలర్ తిప్పడం: చెడిపోయేది ఇక్కడే

చక్రం వేలాడుతోంది కాబట్టి స్ప్రింగ్ మీద బరువు లేదనుకోకండి. పై లెక్కలో 30 మిల్లీమీటర్ల ప్రీలోడ్ అంటే ఇప్పటికీ 300 కిలోలు కాలర్‌ని మరల మీదికి నెడుతున్నాయి. చాలా రకాల్లో కాలరూ అల్యూమినియమే, షాక్ ఒళ్లూ అల్యూమినియమే. ఆ నొక్కుడులో మరల మధ్య ఒక ఇసుక రేణువు చిక్కినా లోహం లోహాన్ని గీరుకుని అతుక్కుపోతుంది. అలా పట్టేసిన కాలర్‌ని బలంగా తిప్పితే మర చెక్కుకుపోతుంది. కాలర్ ఒక్కటే మారిస్తే సరిపోదు, షాక్ ఒళ్లు కూడా మార్చాల్సి వస్తుంది. కాబట్టి ఇక్కడ పెట్టే గంట సమయాన్ని దండగ అనుకోవద్దు.

మొదట శుభ్రం చేయడం. కాలర్ ఎటు కదలబోతోందో ఆ వైపు మరలే ముఖ్యం. పికప్‌లలో కాలర్ సాధారణంగా స్ప్రింగ్ పైన ఉంటుంది, బండి ఎత్తాలంటే అది కిందికి రావాలి. అంటే శుభ్రం కావలసిన మరలు స్ప్రింగ్ చుట్ల లోపల ఉన్నాయి. కనిపించే పై మరలు మాత్రం తుడిచి, పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. చుట్ల సందుల్లోంచి నీళ్లు కొట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, మళ్లీ నీళ్లు కొట్టి, గాలితో ఆరబెట్టండి. స్టీలు తీగల బ్రష్ వాడకండి, పైపూత పోతుంది. తరువాత సిలికాన్ స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. గ్రీజు రాసేవాళ్లున్నారు. గ్రీజు ఆ రోజుకు తేలిక చేస్తుంది, మరుసటి రోజు నుంచి దుమ్మంతా పట్టి ఉంచుతుంది. నేను చెప్పేది సిలికాన్ స్ప్రే ఒక్కటే, పని ముగిశాక అదీ తుడిచేయాలి.

రెండోది, బిగింపు స్క్రూ. కాలర్‌కి ఒక చీలిక, దాన్ని దగ్గరకు లాగే అలెన్ స్క్రూ ఉంటాయి. దాన్ని రెండు చుట్లు వదలండి, పూర్తిగా తీయొద్దు. చీలిక కొద్దిగా తెరుచుకోవడం కంటికి కనపడాలి. కొన్ని రకాల్లో స్క్రూకి బదులు రెండో రింగు ఉంటుంది, ముందు దాన్ని వదులు చేయాలి. ఈ స్క్రూ మరిచిపోయి స్పానర్‌కి గొట్టం తొడిగి లాగడం కాలర్లు పాడవడానికి పెద్ద కారణం.

మూడోది, గుర్తు. షాక్ ఒంటి పై అంచు నుంచి కాలర్ పై ముఖం దాకా స్కేలుతో కొలిచి రెండు పక్కలవీ రాసుకోండి. కాలర్ మీద, స్ప్రింగ్ మీద, కింది కప్పు మీద ఒకే వరుసలో పెయింట్ గీత పెట్టండి. తిప్పుతుంటే స్ప్రింగ్ కూడా తిరగవచ్చు, దాంతో నష్టం లేదు. కానీ కింది కప్పులో స్ప్రింగ్ కొసకు ఒక ఆగు ఉంటే, చివర్లో కొసను తిరిగి అక్కడికే చేర్చాలి.

ఇప్పుడు తిప్పండి. స్పానర్ కొక్కెం గాడిలో పూర్తిగా కూర్చోవాలి. ఒక్కసారికి పావు చుట్టు. కుడికా ఎడమకా అని బట్టీ పట్టకండి, కాలర్ కిందికి వస్తోందా పైకి పోతోందా చూడండి. చేతికి బిగువు ఒకే తీరుగా ఉండాలి, ప్రీలోడ్ పెరిగేకొద్దీ మెల్లగా పెరగాలి. ఒక్కసారిగా బిగుసుకున్నా, కీచుమన్నా అక్కడే ఆగండి. అర చుట్టు వెనక్కి తిప్పి, మళ్లీ కడిగి, మళ్లీ స్ప్రే కొట్టి, అప్పుడు ముందుకు పోండి. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టడం మాత్రం వద్దే వద్దు. గాడి అంచు ఒకసారి విరిగితే తరువాత ఏ స్పానరూ పట్టదు.

ఒకసారికి 10 మిల్లీమీటర్లు దాటొద్దు. చుట్లు లెక్కపెట్టి సరిపెట్టుకోకండి, స్కేలు కొలతే నమ్మాలి. కొన్ని బండ్లలో కాలర్ పై గిన్నెలో ఇరుక్కుని స్పానర్ అందదు. అప్పుడు కాయిలోవర్‌ని బయటికి తీసి స్ప్రింగ్ కంప్రెసర్‌లో పెట్టాలి. ఆ పని వర్క్‌షాపుకే వదిలేయండి. బోల్టుల కొక్కేల కంప్రెసర్‌తో ఇంట్లో చేయదగిన పని కాదది.

కాలర్ కోరిన చోటికి వచ్చాక బిగింపు స్క్రూని కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించండి. చిన్న స్క్రూ అది, మెత్తటి లోహంలోకి పోతుంది, బలం చూపిస్తే మర ఊడుతుంది.

దించి, కదిలించి, కొలవడం

చక్రాలు పెట్టి, దించి, వీల్ నట్లు ఎదురెదురు వరుసలో పుస్తకంలోని టార్క్‌కి బిగించండి. వెంటనే కొలవకండి. జాకీ దిగినప్పుడు టైర్లు నేలను పట్టుకుని ఆర్మ్‌లను లోపలికి లాగి ఉంచుతాయి, బండి ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. ఒక వంద మీటర్లు ముందుకు, వెనక్కి నడిపి, అదే చోట నిలిపి అప్పుడు కొలవండి.

ఎత్తు కుదిరిందని సంబరపడకుండా డ్రూప్ చూడండి. నేల మీద హబ్ నుంచి మడ్‌గార్డుకు కొలత రాసుకోండి. ఛాసీ దగ్గర ఎత్తి చక్రం పూర్తిగా వేలాడినప్పుడు మళ్లీ కొలవండి. ఆ తేడాయే డ్రూప్. చక్రం మొత్తం ప్రయాణంలో మూడో వంతు డ్రూప్‌గా మిగలాలి, ఈ నియమాన్ని వదులుకోవద్దు. పై లెక్కలో షాక్ ప్రయాణం 130 మిల్లీమీటర్లనుకుంటే, ప్రీలోడ్ 30 దగ్గర షాక్ మీద డ్రూప్ 50, హాయిగా ఉంది. ప్రీలోడ్ 40కి పోయేసరికి డ్రూప్ 40కి పడిపోయి మూడో వంతు కంటే తగ్గిపోయింది. అంటే ఆ స్ప్రింగ్‌కి హద్దు 40 కంటే కాస్త ముందే. ఇంకా ఎత్తు కావాలంటే మరో స్ప్రింగ్ చూసుకోవాలి.

స్ప్రింగ్‌కి ఇంకో హద్దు ఉంది. షాక్ పూర్తిగా మూసుకున్నప్పుడు స్ప్రింగ్ నొక్కుకునేది ప్రీలోడ్, షాక్ ప్రయాణం కలిపి, అంటే 40, 130 కలిపి 170 మిల్లీమీటర్లు. చుట్లు ఒకదానికొకటి తగలకముందే స్ప్రింగ్ అంత నొక్కుకోగలగాలి. కంపెనీ గరిష్ఠ ప్రీలోడ్ చెప్పేది ఇందుకే. తగ్గించేటప్పుడు దీనికి తలకిందులు: చక్రం వేలాడినప్పుడు స్ప్రింగ్ చేత్తో కదిలిందంటే ప్రీలోడ్ చాలలేదు, అలాంటి స్ప్రింగ్ కప్పులోంచి జరిగిపోగలదు.

ప్రీలోడ్ పెంచితే పూర్తి డ్రూప్‌లో డ్రైవ్ షాఫ్ట్ వంపు పెరుగుతుందని కొందరు భయపెడతారు. షాక్ పొడవు మారలేదు కాబట్టి ఆ చివరి వంపు కూడా మారదు. మారేది మామూలుగా నడిచేటప్పటి వంపు. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో డ్రైవ్ షాఫ్ట్ కీళ్లను కప్పే రబ్బరు తొడుగులు త్వరగా చిరిగేది దాని వల్లే.

స్వే బార్ లింకులు చివర్లో, బండి నేల మీద నిలబడ్డాక బిగించండి. మొత్తం ఎత్తు 20 మిల్లీమీటర్లకు మించి మారితే కింది ఆర్మ్ పివట్ బోల్టులు కూడా బరువు మీదే వదులు చేసి బిగించాలి. లేకపోతే లోపలి రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగి ఉండి చీలిపోతుంది. ఆ బోల్టులకు కేమ్ (తిప్పితే చక్రం కోణం మార్చే వంకర రింగు) ఉంటే పాత స్థానం గుర్తు పెట్టుకోండి, లేదా అలైన్‌మెంట్ చేసేవాళ్లకే వదిలేయండి.

అలైన్‌మెంట్ ఎలాగూ తప్పదు. ఎత్తు మారితే టో, కేంబర్, కాస్టర్ అనే చక్రాల కోణాలు మూడూ కదులుతాయి. టో తప్పితే టైరు అంచు కొన్ని వారాల్లోనే అరుగుతుంది. అదే రోజు హెడ్‌లైట్లు కూడా దించుకోండి, ముక్కు లేచిన బండి వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. రెండు వందల కిలోమీటర్లు నడిచాక బిగింపు స్క్రూలు, వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో చూసి, నాలుగు మూలల ఎత్తులూ మళ్లీ కొలిచి మొదట రాసుకున్న కాగితం మీదే పక్కన రాయండి.