లివర్ రిపోర్టు పట్టుకొచ్చారా? మూత్రం సీసా కూడా ఇవ్వండి

పలాసలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని రాగానే ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకుంటారు, నెల తిరక్కుండా మళ్లీ చేయించుకుంటారు. మూత్రం ఇవ్వమంటే మాత్రం "లివర్‌కి వస్తే అదెందుకు బాబూ?" అంటారు. లివర్ కొవ్వుతో జతగా ఉండే షుగర్, బీపీ, పొట్టలావే కిడ్నీలోని సన్నని రక్తనాళాలనూ పాడుచేస్తాయి. అందుకే అడుగుతాం.

మూత్రంలో తెల్లటి నురగ, ఎంతకీ విరగదు
అల్బుమిన్ అనే ప్రొటీన్ కారుతుండొచ్చు. మామూలు స్ట్రిప్ కొద్దిపాటిదాన్ని పట్టలేదు. పొద్దున్నే మొదటి మూత్రంతో ఏసీఆర్ (మూత్రంలో అల్బుమిన్ ఎంత కారుతోందో చెప్పే పరీక్ష) చేయించండి. జ్వరంలోనూ నెలసరిలోనూ వద్దు. అది 30 (మి.గ్రా./గ్రా.) దాటితే మూడు నెలల్లోపు మళ్లీ చూడాలి.

కాళ్లవాపు, నీరసం, క్రియాటినిన్ మాత్రం "నార్మల్"
క్రియాటినిన్ అంటే కిడ్నీ రక్తంలోంచి వడకట్టి బయటికి పంపే వ్యర్థం, కిడ్నీ చెడితే రక్తంలో పెరుగుతుంది. అందరూ మోసపోయేది ఇక్కడే. నేనూ మోసపోయాను. కవిటి వైపు నుంచి ఒక కొబ్బరిరైతు వచ్చేవాడు, సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్న మనిషి. మొదటిసారి క్రియాటినిన్ 0.6, రెండు నెలలకి 1.1. రెండూ హద్దులోపలే ఉన్నాయని పాత కాగితం తీయకుండా రిపోర్టు ఇచ్చేశాను. అప్పటికే కిడ్నీ పని దాదాపు సగానికి పడిపోయింది. ఆ తప్పు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

క్రియాటినిన్ పుట్టేది కండలో. దానికి ముడిసరుకు ఎక్కువగా తయారయ్యేది లివర్‌లో. లివర్ చెడి, కండ కరిగి, చేతులు పుల్లల్లా అయిన మనిషిలో అది పుట్టడమే తక్కువ. కిడ్నీ దెబ్బతిన్నా అంకె పెరిగినట్టు కనపడదు. కాబట్టి హద్దుతో కాదు, అదే మనిషి పాత రిపోర్టుతో పోల్చండి. రెండు రోజుల్లో 0.3 పెరిగినా వెంటనే డాక్టరుకి చూపించాలి. అనుమానం తీరకపోతే కిడ్నీ పనిని చూసే మరో రక్తపరీక్ష సిస్టాటిన్ సి చేస్తారా అని అడగండి, దానికి కండతో అంతగా పని లేదు.

వాడే మాత్రలన్నీ కూడా చూపించండి. పొట్టలో నీరు చేరినవాళ్లు నడుంనొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనుక్కుని మింగితే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. ఒంట్లో నీరు తీసే మాత్రలు వేసుకుంటూ విరేచనాలు పట్టుకున్నా అంతే, ఆ రోజే డాక్టరుకి చెప్పాలి.

మా దగ్గర కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లకి ఇంకో మాట. అక్కడి కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ చాలా తక్కువగా కారవచ్చు, అసలు కారకపోవచ్చు కూడా. ఏసీఆర్ బాగుందని ఆగిపోవద్దు, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడకడుతోందో రక్తపరీక్షతో లెక్కగట్టే అంకె) కూడా చూడాలి. 60 లోపు మూడు నెలలు నిలిచిందంటే అది కిడ్నీ జబ్బే.

కళ్లు పసుపు, మూత్రం తగ్గింది
నాట్లరోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులతో వస్తే ఎలుకజ్వరం కావచ్చు. లివర్‌నీ కిడ్నీనీ ఒకేసారి కొడుతుంది. పసరు మందుకి తిరగకండి, ఆ రోజే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

హెపటైటిస్ బి, సి వల్ల కూడా కిడ్నీ చెడొచ్చు. అవి ఉన్నాయో లేదో ఒక్కసారి రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తెండి, మడతలు పడి చిరిగినవైనా సరే.