లోడ్ ఎక్కితేనే ఈల వేసే లారీ

ఆదివారం ఇంటి ముందే లారీకి ఎయిర్ ఫిల్టర్ మార్చి, పనిలో పనిగా టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ వేడి గాలిని చల్లబరిచేది) పోయే గొట్టం కూడా విప్పి తుడిచాను. మర్నాడు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలేసుకుని కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే సుయ్‌మని ఈల, వెనుక నల్ల పొగ, బండికి గుంజుడే లేదు. టర్బో పోయిందేమోనని ఒకటే టెన్షన్.

పక్కకు ఆపి రేస్ ఇస్తే మాత్రం చప్పుడు లేదు, అంటే టర్బో గాలి ప్రెషర్ బాగా ఎక్కినప్పుడే ఎక్కడో లీక్ అవుతోందన్నమాట. ఇంజన్ చల్లారాక టార్చి వేసి చూస్తే గొట్టం జాయింటు దగ్గర వేలెడంత నూనె మరక, దాని మీద ఎర్రమట్టి. క్లిప్పు సరిగ్గా గొట్టం అంచు మీద కూర్చుంది (నా ఘనకార్యమే). విప్పి, లోపలి నూనె జిడ్డు పొడిగుడ్డతో తుడిచి, లేకపోతే మళ్లీ జారుతుంది, గొట్టాన్ని పైపు చివర ఉబ్బెత్తుగా ఉండే గట్టు దాటేదాకా నెట్టి, క్లిప్పు గట్టు వెనక బిగించాను. ఈల, పొగ రెండూ బంద్.