ఇండికా ఇంజన్ బైక్: పొద్దున్నే స్టార్ట్ కాని గొడవ

విజయనగరంలో మా షెడ్‌లో కట్టిన బైక్‌కి పాత టాటా ఇండికా కారు 1405 సీసీ డీజిల్ ఇంజన్ పెట్టాం. ఇంజన్‌కి డీజిల్ అందించేది మెకానికల్ పంపు కాబట్టి వైరింగ్ తలనొప్పి లేదు. పొద్దున్నే మాత్రం సెల్ఫ్ తిరిగేది, ఇంజన్ అందుకునేది కాదు. అందరూ చల్లని ఇంజన్‌ని వేడిచేసే గ్లో ప్లగ్గులు పోయాయన్నారు. కానీ డీజిల్ ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కి డీజిల్ నింపితే స్టార్టయ్యేది. ఇంక ప్లగ్గుల తప్పేముంది?

ఫిల్టర్‌కీ ఇంజన్ పంపుకీ మధ్య లోపల కనబడే ప్లాస్టిక్ పైపు వేసి చూశా. సన్నని బుడగలు, వరసగా! ఇంజనే చోటంతా తినేయడంతో ట్యాంకు కిందకి వెళ్లింది, పంపు డీజిల్‌ని పైకి లాగాలి. అప్పుడు లూజు క్లిప్పు దగ్గర డీజిల్ కారదు, గాలి దూరుతుంది. తడి కనబడకపోవడం అందుకే.

పైపు, క్లిప్పులు మార్చి, మిగులు డీజిల్ వెనక్కొచ్చే రిటర్న్ పైపుని, అటునుంచీ గాలి దూరకుండా, ట్యాంకు అడుగుదాకా దించాను. ఇప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. వాహనాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉందిగా, రోడ్డెక్కించకుండా తోటలోనే తిప్పుతున్నాం.