రంగు పోయినా కాలుష్యం పోలేదా? ఫొటోక్యాటలిస్టుల పరీక్షలో ఎదురయ్యే చిక్కులు

సమస్య: ఫొటోక్యాటలిస్టు (కాంతి సోకితే నీటిలోని కాలుష్యాన్ని విడగొట్టే ఉత్ప్రేరకం) పొడిని కలిపి దీపం వెలిగించిన కొద్దిసేపటికే, పరీక్షకు వాడే నీలిరంగు మిథిలీన్ బ్లూ ద్రావణం తేటపడుతుంది, కానీ నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్ (మిగిలి ఉన్న సేంద్రియ పదార్థానికి కొలత) దాదాపుగా తగ్గదు.

కారణం: రంగు పోవడానికి అణువు ముక్కలు కానక్కర్లేదు. ఆ రంగు పదార్థం ఉత్ప్రేరక కణాల ఉపరితలానికి అంటుకుని ఉండవచ్చు. ఆక్సిజన్ చాలని ద్రావణంలో ఎలక్ట్రాన్లను గ్రహించి రంగులేని ల్యూకో రూపంలోకి మారి ఉండవచ్చు. లేదా 664 నానోమీటర్ల దగ్గర తానే కాంతిని పీల్చుకుని, ఉత్ప్రేరకానికి ఎలక్ట్రాన్‌ను ఇచ్చి, తానే చెడిపోయి ఉండవచ్చు. ఎక్కువగా మోసగించేది ఈ మూడోదే, ఎందుకంటే దృశ్యకాంతిని పీల్చని పదార్థం కూడా అప్పుడు ఆ కాంతిలో చక్కగా పనిచేస్తున్నట్లే కనబడుతుంది.

పరిష్కారం: గాఢత నిలకడకు వచ్చేదాకా చీకటిలో కలియబెట్టి, అక్కడి విలువనే ఆరంభంగా తీసుకోవాలి, అలవాటుగా పాటించే 30 నిమిషాలు ఉపరితల వైశాల్యం ఎక్కువగా ఉన్న పొడులకు చాలకపోవచ్చు. ఉత్ప్రేరకం లేని నమూనాను కూడా అదే వెలుతురులో ఉంచాలి. తేటపడిన ద్రావణంలోకి గాలి పంపినప్పుడు నీలం తిరిగివస్తే అది ల్యూకో రూపమే. అన్నిటికంటే ముఖ్యంగా, దృశ్యకాంతిని పీల్చని ఫినాల్ వంటి పదార్థంతో పరీక్షను మళ్లీ చేయాలి. అది చేయకుండా దృశ్యకాంతి ఉత్ప్రేరకం తయారైందని ప్రకటించడం తొందరపాటే.

సమస్య: అతినీలలోహిత దీపం కింద చురుకుగా ఉన్న టైటానియం డయాక్సైడ్ ఎండలో మందగిస్తుంది.

కారణం: టైటానియం డయాక్సైడ్ అనటేస్ స్ఫటిక రూపం బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను ఉత్తేజపరచడానికి కావలసిన కనీస శక్తి) సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి, 387 నానోమీటర్లకు మించిన తరంగదైర్ఘ్యం గల కాంతి దాన్ని ఉత్తేజపరచలేదు. నేలను చేరే సౌరశక్తిలో అతినీలలోహిత భాగం సుమారు 5 శాతమే.

పరిష్కారం: దృశ్యకాంతిని కూడా పీల్చేలా నైట్రోజన్‌ను కొద్ది మోతాదులో చేర్చవచ్చు; మోతాదు మించితే ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీలు) తిరిగి కలిసిపోయే చోట్లు పెరిగి, పొడి పసుపెక్కినా పని తగ్గుతుంది. 2.7 ఎలక్ట్రాన్ వోల్టుల బ్యాండ్ గ్యాప్ గల గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్‌ను జతచేయడం మరో మార్గం. అయితే దాని హోల్స్‌కు నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్‌ను (కాలుష్యాన్ని విడగొట్టే చురుకైన కణాన్ని) పుట్టించేంత ఆక్సీకరణ శక్తి ఉండదు కనుక, ఆ రాడికల్‌ను పట్టేసే ఐసోప్రొపనాల్ కలిపి చూసి, చర్యను నిజంగా నడిపిస్తున్నది ఏదో తేల్చుకోవాలి.

సమస్య: మళ్లీ మళ్లీ వాడే కొద్దీ సామర్థ్యం పడిపోతుంది.

కారణం, పరిష్కారం: ముందుగా పొడిని ఆరబెట్టి తూచాలి, ఎందుకంటే చాలాసార్లు సెంట్రిఫ్యూజ్ దశలోనే కొంత పోతుంది. బరువు తగ్గకపోతే చర్య మధ్యలో ఏర్పడిన పదార్థాలు ఉపరితలాన్ని కప్పేశాయని అనుమానించి, కడిగి, శుభ్రమైన నీటిలో కాంతి సోకనివ్వాలి. జింక్ ఆక్సైడ్, కాడ్మియం సల్ఫైడ్ కాంతికి తామే క్షయిస్తాయి కాబట్టి, వడపోసిన నీటిలో లోహ అయాన్లను కొలవాలి. కాడ్మియం బయటపడితే ఆ పదార్థాన్ని నీటిశుద్ధికి వాడకూడదు.