ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌ను కాళ్లతో ఆపాలంటే

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌లో వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి. అలవాటుకొద్దీ తొక్కడం ఆపితే పెడల్ కాలిని ఎగదన్నేస్తుంది. కాళ్లను తిరగనిస్తూనే ఎదురొత్తు ఇవ్వండి: వెనకవైపు నుంచి పైకి లేస్తున్న పెడల్‌ను మడమ బరువుతో కిందికి అదమాలి. పాదాన్ని పెడల్‌కు పట్టి ఉంచే స్ట్రాప్ ఉంటే, దిగుతున్న రెండో పెడల్‌ను అదే సమయంలో పైకి లాగొచ్చు. ఖాళీ చదును నేలపై నడక వేగంతో మొదలుపెట్టి, ఒక గీత దగ్గర ఆగేలా సాధన చేయండి. స్కిడ్‌ల (వెనక చక్రాన్ని బిగబట్టి జారించడం) సరదా తర్వాత చూసుకోవచ్చు, టైరు కూడా మిగులుతుంది.

చెయిన్ మధ్యలో పైకీ కిందికీ కలిపి సుమారు 1 సెంటీమీటరు ఆడాలి. బాగా వదులైతే ఎదురొత్తుకు ఊడిపోవచ్చు, అప్పుడు కాళ్లతో ఆపడం కుదరదు. అందుకే ముందు చక్రం బ్రేక్ తీసేయొద్దు. ఆగేటప్పుడు బరువు ముందుకు వెళ్లి వెనక చక్రం పట్టు తగ్గుతుంది కూడా.

దిగుడు రోడ్డులో ఈ పద్ధతి చాలదు. వేగం పెరగకముందే బ్రేక్ పట్టండి.