కొత్తవాళ్ళంటే పడని కుక్క ఇంట్లో ఉందా? పండగకి చుట్టాలు దిగకముందే ఇవి చూసుకోండి

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్ళిన కుర్రాడు, పెంపుడు జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో పరిగెత్తి, మూడో అంతస్తు నుంచి కిందపడి, తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు. అదే ఏడాది మేలో మణికొండలో ఇంకో డెలివరీ అతను డాబర్‌మ్యాన్‌కి భయపడి మూడో అంతస్తు నుంచే దూకేశాడు. ఇక దసరా, ఆ వెంటనే దీపావళి వస్తాయి. వచ్చేపోయే జనం, పిల్లలు, పార్సిళ్ళు, టపాసులు. టీకా వేయించండి, గేటు వేయండి లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

కుక్క గుర్రుమంటే కొట్టకండి. అరవనూ అరవకండి. కుక్కలున్న ఇళ్ళలో నేను మళ్ళీ మళ్ళీ చూసే తప్పు ఇదే. గుర్రుమనడం అంటే "నాకు భయంగా ఉంది, దగ్గరికి రాకు" అని అది చెప్పగలిగినంత గట్టిగా చెప్పడం. కొడితే ఆ శబ్దం పోతుంది, భయం మాత్రం పోదు, పైగా చుట్టాలొస్తే నాకు దెబ్బలు పడతాయని కూడా నేర్చుకుంటుంది. కొన్నాళ్ళు "మావాడు మారిపోయాడండీ" అని సంబరపడతారు, ఆ తర్వాత ఓ రోజు చప్పుడు లేకుండా పిల్లాడి మొహం మీద కరుస్తుంది. గుర్రుమంటే మీరు చేయాల్సింది ఒక్కటే, మాట్లాడకుండా దాన్ని దూరంగా తీసుకెళ్ళడం.

అసలు అంతదాకా రానివ్వకూడదు. మొహం తిప్పేసుకోవడం, ఊరికే మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనబడడం, ఒళ్ళు బిగుసుకోవడం, ఇవి ముందే కనిపిస్తాయి.

పండగకి కొన్ని వారాల ముందు నుంచే అలవాటు చేయండి. మీకు తెలిసి, కుక్కకి తెలియనివాళ్ళని ఎవరినైనా దూరంగా నిలబడమని, ఆ మనిషి కనబడగానే ఉడికించిన చికెన్ ముక్క మీరే పెట్టండి. ఇష్టమైన ముక్క కూడా ముట్టలేదంటే ఆ మనిషి మరీ దగ్గరున్నట్టు, ఇంకాస్త వెనక్కి పంపండి. కొత్తవాళ్ళ చేత తినిపించకండి, ఎందుకంటే ఆశకొద్దీ దగ్గరికెళ్తుంది, ముక్క అయిపోగానే ఎదురుగా కొత్త మనిషున్నాడని తెలిసి బెదిరిపోయి కరిచేస్తుంది.

పండగ రోజు బెల్లు మోగకముందే వేరే గదిలో పెట్టి గడియ వేయండి. పిల్లలకి అందని గడియ. పార్సిల్ గేటు దగ్గరే తీసుకోండి, తలుపు తీసేటప్పుడు కుక్క హాల్లో ఉండకూడదు. "ఏం చేయదు, ముట్టుకోండి" అనే మాట మీ నోట రాకూడదు. వాసన చూపించడానికి ఎత్తుకుని తీసుకురాకండి. మెడకి వేసే మేకుల పట్టీలు, బిగుసుకునే గొలుసులు తీసేయండి. మూతికి మజిల్ (కరవకుండా వేసే తొడుగు) వేయాలంటే రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బుట్టలాంటిదే, అదీ ముందునుంచే అలవాటు చేసి. టపాసుల బెదురు ఒక్క రాత్రిలో దిగదు, మర్నాడే చుట్టాల్ని పిలవకండి. మీ ఇష్టానికి మత్తు బిళ్ళలు వేయకండి, ఒళ్ళు తూలుతుందే గానీ భయం అలాగే ఉంటుంది. నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి మీదికొస్తుంటే చెవిపోటో, కీళ్ళనొప్పో ఉందేమో, పశువుల డాక్టర్‌కి చూపించండి. గుర్రుమంటే మాత్రం కొట్టకండి, చుట్టాల ముందు పరువు పోయినా సరే కొట్టకండి.

కరిస్తే పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కుక్కకి టీకా ఉంది కదా అని ఊరుకోకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి, డాక్టర్ చెప్పిన డోసులన్నీ పూర్తి చేయండి.